బతికుండగానే మాల పడిన పోపుగారు

మొన్న ఆదివారం మా హాలు గోడకి అమెరికా పోపుగారి ఫోటో బిగించాను. అక్కడ అప్పటికే ఉన్న ముగ్గురు పోపుగార్లలో పోలండ్ ఆయన ఫ్రేము పెద్దది కావడంతో, టేపు పెట్టి ఎంత కొలిచినా నాలుగు ఫోటోల మధ్య ఖాళీలు సమంగా రావడం లేదు. నాకు లెక్కలు ఎవరూ నేర్పలేదు, వాటంతట అవే వంటబట్టాయి. అందుకే రెండు సెంటీమీటర్ల తేడా ఉన్నా మనసొప్పదు. సోఫాలోంచి చూస్తున్న మా అత్తయ్యగారు, "కొలిచింది చాలు, మేకు కొట్టండి అల్లుడుగారూ, ఆయనకి వయసైపోతోంది" అన్నారు.

ఆ గోడ ఆవిడది. గుంటూరు దగ్గర మిషన్ ఆస్పత్రిలో నర్సుగా రిటైరై, కూతురి వెంట ఈ కివీల దేశంలోని హామిల్టన్‌కి వచ్చినప్పుడు పోలండ్ పోపుగారి ఫోటోని చీరల మధ్య పెట్టి తెచ్చుకున్నారు. ఆయన మద్రాసు వచ్చినప్పుడు ఆవిడ జనంలో నిలబడి చూశారు. చెయ్యి ఊపింది తనకేనని ఈనాటికీ నమ్మకం. పోపుగారు పోతే ఆ ఫోటోకి మాల వేసి, పక్కన కొత్తాయన్ని పెట్టడం ఆవిడ పద్ధతి. జర్మనీ పోపుగారు తనంతట తానే పదవి దిగిపోయేసరికి ఆ పద్ధతి తలకిందులైంది. ఆ సాయంత్రం నేను పని నుంచి వచ్చి చూస్తే ఆయన ఫోటోకి మాల వేసి ఉంది.

"అత్తయ్యగారూ, ఆయన బతికే ఉన్నారండీ."

"ఉంటే ఉండనీండి. పోలండాయన చేతులు వణికినా, మాట రాకపోయినా కుర్చీ వదిలారా? సిలువ మధ్యలో దించుతారా ఎవరన్నా?"

"అమ్మమ్మా, దట్స్ సో మీన్!" అంది మా అమ్మాయి.

అత్తయ్యగారి కోపం వెనక వేరే సంగతి ఉంది. ఆ రోజుల్లో మేమంతా ఆవిణ్ణి కారు నడపడం మానమని పోరుతున్నాం. అరవై దాటాక చర్చి కార్ పార్కులో డ్రైవింగ్ నేర్చుకుని, ప్రతి ఆదివారం ఇద్దరు ముసలి కివీ ఆడవాళ్ళని పూజకి తీసుకెళ్ళేవారు. కారు లేకపోతే పాల సీసా కూడా ఇంటికి రాని ఊరు ఇది. కుడికన్ను మసకబారిందని డాక్టరు చెప్పినా, "నేను మానేస్తే వాళ్ళిద్దరూ ఏమైపోతారు?" అనేవారు. వాళ్ళ సంగతి సరే, మానేస్తే తనేమైపోతానోనన్నది ఆవిడ అసలు భయం.

ఒక ఆదివారం వర్షంలో వాళ్ళని ఎక్కించుకోవడానికి వెళ్తుంటే, ముందు సీటు వాళ్ళకి వదిలి నేనూ వెనక సీట్లో ఉన్నాను. నాలుగు రోడ్లు కలిసే రౌండెబౌట్ దగ్గర కుడివైపు నుంచి వస్తున్న సైకిల్‌ని ఆవిడ చూడలేదు. నేను అరిచాను. జానెడు దూరంలో కారు ఆగింది. తడిసి ముద్దయిన ఆ కుర్రాడు తిట్టలేదు, అద్దం దగ్గరికి వంగి, "యూ ఆల్రైట్, ఆంటీ?" అని ఆవిణ్ణే అడిగాడు. ఆవిడ కారు పక్కకి తీసి, దిగి, చుట్టూ నడిచి వచ్చి ఎడమ సీట్లో కూర్చున్నారు. "మీరు నడపండి బాబూ."

మేము చర్చికి వెళ్ళేసరికి ప్రసంగం అయిపోయింది. సాయంత్రం ఆవిడ కుర్చీ వేసుకుని జర్మనీ పోపుగారి మాల తీసేశారు. ఆవిడే అన్నారు: "ఆయన కూడా ఎవరినో గుద్దబోయి ఉంటారు. మనకి చెప్పుకోలేదంతే."

ఏ పోపుగారు ఏం మిగిల్చి వెళ్ళారో పెద్దపెద్దవాళ్ళు రాస్తుంటారు. మా ఇంట్లో మాత్రం పోలండ్ ఆయన దగ్గర ఓర్చుకోవడం, జర్మనీ ఆయన దగ్గర వదులుకోవడం నేర్చుకున్నాం. రెండోదే కష్టమైంది. జర్మనీ ఆయన పీఠం మీద ఉన్నది ఎనిమిదేళ్ళ లోపే. దిగాక బతికింది దాదాపు పదేళ్ళు. అత్తయ్యగారు ఇక్కడ కారు నడిపింది కూడా ఏడెనిమిదేళ్ళే. నా పక్కన కూర్చుని "మెల్లిగా, మెల్లిగా" అనడం మొదలుపెట్టి పన్నెండేళ్ళు దాటింది. మనం స్టీరింగు వదిలిన చోట కాలం ఆగిపోదు. పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఇంకా చాలా దూరం తీసుకెళ్తుంది.