ఆవలో తేలిన పనసకాయ

మొన్న అరకు వెళ్లొచ్చిన మనవడు పెద్ద పనసపండొకటి భుజాన మోసుకొచ్చి వంటింట్లో దించాడు. మా అమ్మాయి చేతులకు నూనె రాసుకుని కోస్తుంటే ఇల్లంతా వాసన కమ్ముకుంది, పిల్లలు చుట్టూ మూగారు. నాకు మాత్రం ఆ తీపి వాసన వెనకాలే పెట్రోలు కంపు తగిలింది. చిన్నప్పటి నుంచీ ఆ రెండూ నా ముక్కులో కలిసిపోయే ఉన్నాయి.

మాది పాచిపెంట కొండల కింద పల్లె. నాన్న మిషను బడిలో మేస్టారు. వానలు పడగానే కొండల్లోని గెడ్డలు, వాగులు అన్నీ దిగివచ్చి ఊరి పక్క పల్లంలో కనుచూపు మేరా నిలిచేవి. ఆ నీటిని ఆవ అనేవాళ్లం. పెద్దవాళ్లు తాటిమాను తొలిచిన దోనెల్లో చేపలకు పోతే, మేం ఆడపిల్లలం కలువకాడలు విరిచి మెడలో గొలుసులు వేసుకుంటూ, తడిసిన పావడాలు పిండుకుంటూ, నిప్పుల్లో కాల్చిన పనసగింజలు ఒడిలో పోసుకుని నములుతూ, అమ్మ కేకేసేదాకా ఇంటి మొహం చూసేవాళ్లం కాదు. ఆదివారం ప్రార్థనలో అందరికంటే గట్టిగా ఆమెన్ చెప్పే మా నాయనమ్మ, తిరిగొచ్చేటప్పుడు కొండదేవతకూ ఓ దండం పెట్టి మరీ వచ్చేది.

యుద్ధం రోజుల్లో, ఒక వానాకాలం ఆ ఆవలోకి విమానం దిగింది. రెండు వరసల రెక్కలు, కింద పడవలాంటి పొట్ట. దారిలో ఇంజను చెడి, నీళ్లు కనబడ్డ చోట దిగిపోయారట మిలటరీ దొరలు ముగ్గురు. బాగుచేసుకునేదాకా వాళ్ల పడక బడిలో, తిండి మా ఇంట్లో. అందరిలోకీ చిన్నవాడికి రాగిరంగు జుట్టు, మీసమైనా సరిగ్గా రాలేదు. పీట మీద కుదురుగా కూర్చోలేక కాళ్లు చాపేసి, చోడిపిండి అంబలి మూతికంతా పూసుకుంటూ తాగి, మళ్లీ గిన్నె చాపేవాడు. అమ్మ అతన్ని రాగి బాబు అనేది. అంతకు ముందేడే చలిజ్వరంతో మా అన్న పోయాడు. అన్న గిన్నెలో అమ్మ అతనికి అంబలి పొయ్యడం చూసి నాయనమ్మ మొహం తిప్పుకుంది.

వాళ్లు బయల్దేరే ఉదయం అమ్మ పెరటి చెట్టున పండబోతున్న పెద్ద పనసకాయను కోయించింది.

"అంత బరువెందుకే, ఎగరాల్సినోళ్లకి?" అన్నాడు నాన్న.

"ఇంటికొచ్చిన బిడ్డని ఒట్టి సేతుల్తో అంపేత్తామేటి? బేగి దోనె ఎక్కించండి," అంది అమ్మ.

రాగి బాబు దాన్ని దోనెలోంచి రెండు చేతులా అందుకున్నాడు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, గట్టు మీదున్న అమ్మకు చూపించి నవ్వాడు.

ఇంజను మోతకు ఆవలోని బాతులన్నీ ఒక్కసారిగా లేచాయి. విమానం నీళ్లు చిమ్ముకుంటూ పరుగెత్తింది, ముక్కు పైకెత్తింది, ఒక్క క్షణం నీళ్లకూ దానికీ మధ్య వెలుగు కనబడింది. మేం చప్పట్లు కొడుతూనే ఉన్నాం. ఇంతలో ఒక రెక్క వాలి నీళ్లకు తగిలింది, విమానం పల్టీకొట్టి బోర్లాపడింది. దోనెలవాళ్లు ఇద్దరు దొరలను బయటకు లాగారు. రాగి బాబు సాయంత్రానికి గానీ దొరకలేదు. ఈలోగా పెట్రోలు తెట్టె మధ్య నుంచి, గీత కూడా పడని పనసకాయ తేలుతూ తేలుతూ అమ్మ నిలబడ్డ చోటికే వచ్చింది.

నా కాయ బరువే ముంచిందంటూ అమ్మ అక్కడే కూలబడిపోయింది. బతికిన దొరల్లో పెద్దాయన ఆమె ఎందుకేడుస్తోందో నాన్ననడిగి, ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. "గాలి తిరగబడ్డాదట. మన కాయ వల్ల కాదంటన్నాడు," అన్నాడు నాన్న.

"నా కోసం మీరు కల్పించి సెప్తన్నారు," అంది అమ్మ.

మర్నాడు సాలూరు నుంచి మిలటరీవాళ్లు వచ్చి అతన్ని పెట్టెలో పెట్టి తీసుకుపోయారు. అమ్మ పెరటి పనసచెట్టు కొట్టించేసింది. ఆ తర్వాత మా ఇంటి గుమ్మంలోకి పనస రాలేదు. చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చున్న నన్ను కూడా అడిగింది, "ఆ కాయ బరువుకేనేటే?" అని. కాదన్నాను. నా మాటా నమ్మలేదు.

ఇప్పుడా ఆవ పూడిపోయి వరిమళ్లయింది. తాటిదోనె అంటే మా పిల్లలకు తెలియదు. ఆ విమానాన్ని చూసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే.

మనవడు మిలటరీ విమానాలు బాగుచేసే పనిలో ఉన్నాడు. పనసతొనలు ఒలుస్తున్నవాణ్ణి కూర్చోబెట్టి ఇదంతా చెప్పి, అమ్మ అడిగిన మాటే అడిగాను.

"ఒక్క పనసకాయకా? అంత విమానానికి అదో లెక్కా అమ్మమ్మా!" అన్నాడు, తొన నోట్లో వేసుకుంటూ.

ఎంత తేలిగ్గా అనేశాడో. నా కన్నీళ్లు ఆగలేదు. ఈ మాట అమ్మ వింటే బాగుండుననిపించి, ఇంకోసారి చెప్పరా అన్నాను. నాకు వినబడలేదనుకుని, వాడు ఈసారి గట్టిగా, ఇల్లంతా వినబడేలా చెప్పాడు.