ఇప్పచెట్టు కింద ఆగిపోయిన పాఠం

మా ఊరికి ఇంకా సెల్ టవర్ రాని రోజులవి. హైదరాబాద్‌లో డిగ్రీలో స్పానిష్ చదువుతున్న నేను, పరీక్షల ముందు భద్రాచలం అడవి అంచునున్న మా ఊరికి వచ్చాను. ఓ తెల్లవారుజామున చిన్నమ్మతో ఇప్పపూలు ఏరడానికి వెళ్లాను.

ఆ పూలంటే ఎలుగుబంట్లకూ ఇష్టమే; మా ఊళ్లో వాటిని గుడ్డెలుగులంటారు. మనిషి గొంతు దూరం నుంచే వినబడితే అవి తప్పుకుంటాయని, మావాళ్లు గట్టిగా మాట్లాడుకుంటూ నడుస్తారు. ఆ రోజు చిన్నమ్మకు జలుబు.

“నాకు గొంతు లేస్తలేదు. నీ పాఠమే గట్టిగ చదువు బిడ్డా” అంది.

‘చేయగలను’ అనే క్రియ అందుకున్నాను. “ప్వేదో, ప్వేదెస్, ప్వేదే...” తర్వాత ‘మేము’ అన్నప్పుడు ఆ ‘ప్వే’ అలాగే ఉంటుందా, మారుతుందా? గుర్తుకు రాలేదు. ఆలోచిస్తూ చాలా దూరం మౌనంగా నడిచాను.

పది అడుగుల దూరంలో, ఇప్పచెట్టు కింద ఎలుగుబంటి తలెత్తింది. వెనక కాళ్ల మీద లేచి నిలబడింది. నల్లటి రొమ్ము మీద తెల్లటి చార. పరుగెత్తబోతే చిన్నమ్మ జబ్బ పట్టుకుంది.

“ఉరకకు. మళ్ల చదువు.”

వెనక్కి అడుగులేస్తూ, ఏడుస్తూ, నోటికొచ్చినట్టు చదివాను. కాసేపటికి అది గుర్రుమంటూ పొదల్లోకి పోయింది.

“మధ్యల ఎందుకు ఆపినవ్?” ఇంటికొచ్చాక అడిగింది చిన్నమ్మ.

“తప్పు పోతదేమోనని.”

“తప్పయితే గుడ్డెలుగుకు ఎర్కయితదా?”

ఇప్పుడు నేను స్పానిష్ టీచర్ని. తప్పు వస్తుందేమోనని ఏ పిల్లయినా మధ్యలో ఆగిపోతే, నాకు ఆ తెల్లటి చారే కనిపిస్తుంది.