దానమ్మ గడియారం విప్పలేదు

బహదూర్‌పల్లి నుంచి దూలపల్లి వైపు వెళ్లే దారిలో దానమ్మ టైలరింగ్ షాపు ఉంది. చుట్టూ కొత్తగా లేచిన కాలనీల ఆడవాళ్లు జాకెట్లు కుట్టించుకోవడానికి అక్కడికే వస్తారు. కొలతలిస్తూ వాళ్లు ముందుగా చూసేది ఆమె ఎడమ చేతిని. మెడలో గొలుసు లేదు, చెవులకు కమ్మలు లేవు, చేతికి గాజుల్లేవు. మణికట్టు మీద మాత్రం మగవాళ్లు పెట్టుకునే పెద్ద గడియారం ఒకటి ఉంటుంది. అదీ రోజుకొకటి మారుతుంది. ఒకరోజు నల్ల డయలు, ఒకరోజు పాలమీగడ రంగు డయలు, ఇంకోరోజు హిందీ అంకెలది. అన్నీ ముసలి గడియారాలే. పొద్దున లేచి చావి తిప్పితే తప్ప నడవవు.

మీ ఆయనదా అని కొత్తవాళ్లు అడుగుతారు. నాదే అని చెప్పి దానమ్మ టేపు తీసుకుంటుంది. అంతకుమించి వివరం ఇవ్వదు.

ఆమె పుట్టిల్లు దేవరయాంజాల్ దగ్గర. వ్యాన్ డ్రైవరు శాంసన్‌ను చేసుకుని ఇటు వచ్చింది. పెళ్లయిన కొన్నాళ్లకు అతనితో పాటు ప్రార్థనకు వెళ్లి బాప్తిస్మం తీసుకుంది. వాళ్ల సంఘంలో ఆడవాళ్లు నగలు పెట్టుకోరు. ఎవరూ చెప్పకముందే దానమ్మ ఒంటిమీదివన్నీ తానే తీసేసింది, పుస్తెలతో సహా. తల్లి అన్నం మానేసి ఏడ్చింది. తమ్ముడి పెళ్లిలో పసుపు దంచే దగ్గరికి వెళితే మేనత్త ఆమె చేతిలోంచి రోకలి లాక్కుంది. బోసి చేతులతో శుభకార్యం ముట్టుకోవద్దంది. దానమ్మ ఏడవలేదు, వెళ్లిపోనూలేదు. పందిట్లో అందరికీ కనబడేలా కుర్చీ వేసుకుని, ‘‘నా మొగడు గా బయట బీడీ తాగుతున్నడు. బతికే ఉన్నడు, పోయి సూసిరార్రి’’ అని చెప్పి, తలంబ్రాలు అయ్యేదాకా అక్కడే కూర్చుంది.

మొదటి గడియారం ఆమెకు శామీర్‌పేట అంగడిలో దొరికింది. కూరగాయలకని వెళితే, ఒక ముసలాయన నేలమీద గోనెపట్టా పరిచి పాత తాళాలు, టార్చిలైట్లు, నల్లాలు అమ్ముతున్నాడు. వాటి నడుమ అద్దం పగిలిన హెచ్‌ఎంటీ గడియారం ఉంది. ఊరికే చేతిలోకి తీసుకుని చావి తిప్పి చెవి దగ్గర పెట్టుకుంది. టిక్కుటిక్కుమంటూ నడిచింది. ఎవరో వద్దని పారేసిన వస్తువు, రెండు చుట్లు తిప్పగానే ఏమీ జరగనట్టు లేచి తన పని తాను చేసుకుపోతోంది. ఆ సంగతి ఆమెకు ఎంత నచ్చిందంటే, కూరగాయలు కొనడం మరిచిపోయి ఇంటికొచ్చింది.

మేడ్చల్ బస్టాండు దగ్గర మెట్ల కింద కూర్చుని గడియారాలు బాగుచేసే మొయినుద్దీన్ దానికి కొత్త అద్దం వేశాడు. అది మర్దానా గడియారమని, ఆడవాళ్లకు చిన్నది చూపిస్తానని అన్నాడు. ‘‘చిన్నది వద్దు భాయ్. గీ బెల్టుకే ఇంకో బొక్క కొట్టియ్యి’’ అంది దానమ్మ.

తర్వాత ఒక్కొక్కటే వచ్చి చేరాయి. ఇల్లు మారేవాళ్లు అటక మీది పాత గడియారం తెచ్చి ఆమెకే ఇచ్చేవారు. హైదరాబాద్‌లోనే తయారైన పాత ఆల్విన్ ఏదైనా చేతికొస్తే మొయినుద్దీన్ ఫోన్ చేసేవాడు. దారం ఉండల అట్టపెట్టెల్లో పాత చీర ముక్కలు పరిచి దాచేది కానీ, ఏ గడియారాన్నీ పెట్టెలోనే ఉంచేది కాదు. ప్రతిదానికీ చేతి మీద వంతు రావలసిందే. తనకంటే వాటి మీదే పానం ఎక్కువని శాంసన్ నవ్వేవాడు.

పాత పాస్టరు సోమయ్య ఉన్నన్నాళ్లు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఆయన ప్రసంగం మధ్యలో దానమ్మ వైపు చూసి టైమెంతని సైగ చేసేవాడు కూడా. ఆయన పోయాక గిడియోన్ వచ్చాడు. వయసులో చిన్నవాడు, గట్టిగా చదువుకున్నవాడు, మాట మీద నిలబడేవాడు. వచ్చిన కొద్దికాలానికే ఒక ఆదివారం అలంకారం మీద ప్రసంగం చేశాడు. కొందరు బంగారం వదిలేసి ఇనుము మీద మోజు పెంచుకుంటారన్నాడు. పేరు చెప్పలేదు గానీ, చాప మీద కూర్చున్న ఆడవాళ్లందరి తలలూ ఒకే వైపు తిరిగాయి. దానమ్మ చేతి మీద పడిన కొంగును తీసి వెనక్కి వేసుకుంది. గడియారం ఇంకా బాగా కనబడింది.

ఆ వారంలోనే గిడియోన్ ఇంటికొచ్చాడు. శాంసన్ కుర్చీ వేశాడు. దానమ్మ చాయ్ ఇచ్చింది. పాస్టరు మర్యాదగానే మొదలుపెట్టాడు. గడియారం తప్పు కాదని, టైము అందరికీ అవసరమేనని అన్నాడు.

‘‘ఒకటి ఉంచుకో అక్కా. కడమవి ఎవలకన్న ఇచ్చెయ్యి. దినానికొకటి మారుస్తే గది అలంకారమే అయితది. ఆడోళ్లకు పాటలు నేర్పేదానివి, నిన్ను చూసి నేర్చుకుంటరు.’’

‘‘మీకు అంగీలు ఎన్నున్నయి అయ్యగారూ?’’ అని అడిగింది దానమ్మ.

శాంసన్‌కు చాయ్ పొలమారింది. గిడియోన్ ముఖం ఎర్రబడింది. అంగీ సంగతి వేరన్నాడు. వేరే అయితే కావచ్చునని దానమ్మ ఒప్పుకుంది. తర్వాత గొంతు తగ్గించి నిదానంగా చెప్పింది.

‘‘ఇరవయ్యేండ్ల వయసుల నా అంతట నేనే అన్నీ ఇప్పిన. పెట్టుకో పెట్టుకో అని ఊరంత మీదికొచ్చింది. పెట్టుకోలే. ఇప్పుడు మీరొచ్చి ఇప్పు అంటున్నరు. దేవుడు ఇప్పుమంటే గీ గడియల ఇప్పుత అయ్యగారూ. మీరు అంటే ఇప్ప.’’

గిడియోన్ చాయ్ పూర్తిగా తాగలేదు. ప్రార్థన చేసి వెళ్లిపోయాడు. బుధవారం స్త్రీల కూడికలో దానమ్మ నడిపించే పాటలు ఇక సంఘంలోని శ్రీదివ్య అనే పిల్ల నడిపిస్తుందని తర్వాతి ఆదివారం ప్రకటించాడు. ఆ పై ఆదివారం దానమ్మ రెండు చేతులకూ గడియారాలు కట్టుకుని బండెక్కింది. రెండెందుకని శాంసన్ అడిగితే, ఒకదానికి అంత బాధపడ్డవాడు రెండోదానికి ఏమంటాడో చూద్దామంది.

గిడియోన్ ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. శ్రీదివ్య మంచి పిల్లే గానీ శ్రుతి నిలవదు. పాట ఎక్కడెక్కడో తిరిగి వస్తుంటే దానమ్మ పెదవులు మాత్రం కదిపేది. షాపుకొచ్చి, గుడ్డ పెట్టకుండానే మిషను తొక్కుతూ కూర్చునేది. ఒక్కసారి విప్పితే అంతా సల్లబడుతుంది కదా అని శాంసన్ మెల్లగా అన్నాడు. ఆ మాట అన్నందుకు కొన్నాళ్లు అతనికి కూర వడ్డించడమే తప్ప కబుర్లు లేవు. సంఘంలో కొందరు ఆడవాళ్లు వేరుగా ఆమె షాపులోనే కూడిక పెట్టుకుందామని వచ్చారు. దానమ్మ వాళ్లను వెనక్కి పంపింది. అది తన సంఘమేనని, తనను వెళ్లమన్నవాళ్లు లేరని, తాను వెళ్లేదీ లేదని చెప్పింది.

ఆమె పక్కన ప్రతి ఆదివారం రోజీ కూర్చునేది. ఒకప్పుడు ఆసుపత్రిలో ఆయాగా చేసిన ముసలామె. చూపు దాదాపు పోయింది. ప్రార్థనకు ముందు దానమ్మ చెయ్యి లాక్కుని చెవికి ఆనించుకుని, ఈ రోజు ఏ గడియారమో చప్పుడును బట్టి చెప్పేది. చాలాసార్లు తప్పేది. తప్పినప్పుడల్లా గడియారానిదే తప్పని పోట్లాడేది.

వానాకాలంలో రోజీ మంచం పట్టింది. గిడియోన్ పదిమందిని వెంటబెట్టుకుని ప్రార్థనకు వెళ్లాడు. ప్రార్థన అయ్యాక ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

‘‘నన్ను మట్టిల పెట్టేనాడు పాట దానమ్మనే పాడాలె. ఇంకెవలన్న పాడితే లేసి కూసుంట.’’

అందరూ నవ్వారు. గిడియోన్ సరేనన్నాడు. ఆ వారం తిరగకుండానే రోజీ పోయింది.

సమాధుల తోటలో తుంపర పడుతోంది. పెట్టెను గొయ్యి పక్కన దించారు. దానమ్మ ముందుకొచ్చి నిలబడింది. చేతికి ఆల్విన్ గడియారం ఉంది. గిడియోన్ గొడుగు కింద నుంచి ఆమె దగ్గరికి వచ్చి, ఇంకెవరికీ వినబడకుండా అన్నాడు.

‘‘అక్కా, ఇయ్యాల ఒక్కరోజు. గడియారం తీసి పాడు. సంఘమంత చూస్తాంది.’’

దానమ్మ పెట్టె వైపు చూసింది. బెల్టు వదులు చేసి కొంగున ముడేసుకోవడం ఎంతసేపని? రోజీ కోసం తీశానంటే ఎవరూ తప్పుపట్టరు. చెయ్యి బెల్టు దాకా వెళ్లింది కూడా. అక్కడే ఆగింది. ఈ రోజు రోజీని అడ్డం పెట్టి తీయిస్తే, రేపు ఇంకొకరిని అడ్డం పెడతారు. చచ్చినామె పాట అడిగింది గానీ, ఆ పాటకు బదులు ఇంకేదీ ఇమ్మనలేదు.

‘‘చూడనియ్యుండ్రి అయ్యగారూ’’ అని, గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది.

మొదటి చరణం ఒక్కతే పాడింది. గిడియోన్ బైబిలు మూసి పట్టుకుని నిలబడ్డాడు. జనం అతని ముఖం చూస్తున్నారు. రెండో చరణానికి వెనక నుంచి ఒక మగ గొంతు కలిసింది. అది శాంసన్‌ది. అతనికి పాట రాదని సంఘమంతటికీ తెలుసు. అయినా అందరికంటే పెద్దగా పాడాడు. తర్వాత శ్రీదివ్య అందుకుంది, ఆమె వెంట ఆడవాళ్లంతా అందుకున్నారు. గిడియోన్ మాత్రం పాడలేదు. పాట అయ్యాక ప్రార్థన చేసి మొదటి పిడికెడు మట్టి వేశాడు.

ఇంటికొచ్చాక దానమ్మ శాంసన్‌కు చేపల కూర వండింది.

బుధవారం నాడు కూడికకు వెళ్లి ముందు వరసలో కూర్చుంది. ఎవరూ పిలవలేదు, ఎవరి అనుమతీ అడగలేదు. శ్రీదివ్య నోరు తెరిచేలోపే పాట ఎత్తుకుంది. శ్రీదివ్య బరువు దిగినట్టు నిట్టూర్చి కంజీర ఆమె ఒళ్లో పెట్టేసింది. గిడియోన్ గుమ్మంలో కాసేపు నిలబడి విని తన గదిలోకి వెళ్లాడు. పాటలు ఆమెకు తిరిగి అప్పగించినట్టు అతను ప్రకటించలేదు. ఆమె నడిపించడం మానలేదు.

ఇద్దరూ ఎదురుపడితే వందనాలు చెప్పుకుంటారు. అతని పెళ్లికి అతని తల్లికి జాకెట్టు కుట్టింది కూడా దానమ్మే. అభిప్రాయం మాత్రం ఎవరిదీ మారలేదు. ఇప్పటికీ ఏడాదికి ఒకసారైనా గిడియోన్ అలంకారం మీద ప్రసంగం చేస్తాడు. ఆ రోజు దానమ్మ ఇంకాస్త ముందుగా వచ్చి, అతనికి ఎదురుగా కూర్చుని, తల దించకుండా చివరిదాకా వింటుంది. ముగింపులో అందరూ ఆమెన్ అనే చోట ఆమె గొంతే అందరికంటే గట్టిగా వినబడుతుంది.