తాండూరులో నీలం బల్బు

ఆదివారం పొద్దున్నే తాండూరు నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మామ గోలీలు బంద్ జేసిండు. చాయ్ గ్లాస్ గూడ పట్టుకుంటలేడు. అడిగితే నువ్వే చెప్పినవంటున్నడు." మామకు పార్కిన్సన్ వ్యాధి. చేతులు వణుకుతాయి, కాళ్లు బిగుసుకుపోతాయి. గోలీలు మానమని నేను చెప్పలేదు. అసలు నేను డాక్టర్ని కాను, హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో మెదడు కణాల మీద పరిశోధన చేస్తాను. ఎలాగైనా ఆయనతో మళ్లీ గోలీలు మింగించాలని బయలుదేరాను.

తాండూరుకు నేరుగా రైలుంది. నేను తయారయ్యేసరికి అది వెళ్లిపోయింది. లింగంపల్లిలో తర్వాతి రైలెక్కితే అది వికారాబాద్ వరకే. ఎదురుగా పరిగిలో చీరల దుకాణం నడిపే ఆమె కూర్చుంది. ఏం పని చేస్తానని అడిగింది. కణాలకు లైటు తగిలితే లోపల కబురు నడిచేలా చేస్తానని, లైటు తీసేస్తే ఆగిపోతుందని చెప్పాను.

"అంటే కరెంటు పని," అంది.

మా అమ్మ చెప్పేదానికన్నా అదే నిజానికి దగ్గర. అమ్మ ప్రతి ఫంక్షన్‌లోనూ "మా బిడ్డ లైటుతోని మెదడును కంట్రోల్ చేస్తది" అని చాటుతుంది. ఇద్దరు చిన్నమ్మలు తమ భర్తల కోసం నన్ను సంప్రదించారు కూడా.

వికారాబాద్ స్టేషన్ బయట ఇడ్లీ తిని, తొమ్మిదిన్నర ప్రాంతంలో తాండూరు బస్సెక్కాను. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, జీరో టికెట్ ఇస్తారు. ఆధార్ కార్డు చేతిలో ఉండాలి, ఫోన్‌లో ఫొటోను మా కండక్టర్ ఒప్పుకోలేదు. అనంతగిరి గుట్టల దగ్గర మలుపులు ఎక్కువ, అప్పుడే తిన్నవాళ్లు ముందు సీట్లో కూర్చోవడం మంచిది. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్లు దారి పొడవునా కన్నడంలో పోట్లాడుకున్నారు. తిట్లకు మాత్రం తెలుగులోకి వచ్చారు.

తాండూరు వచ్చిందని రోడ్డు పక్కన పేర్చిన బండలు, వాటి దుమ్ము చెబుతాయి. మామ చాలా ఏళ్లు బండల పాలిష్ మిషన్ మీద పనిచేశాడు. నేను వెళ్లేసరికి కిటికీలన్నీ మూసి, బనియన్ మీద కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నెత్తి మీద నీలం బల్బు వెలుగుతోంది. పెళ్లి పందిళ్లకు కట్టే రకం.

"ఏం జేస్తున్నవ్ మామా?"

"లైట్ తీస్కుంటున్న. నువ్వే చెప్తివి గద బిడ్డా."

అప్పుడు గుర్తొచ్చింది. ఏదో పెళ్లి బంతిలో చెయ్యి వణికి పక్కాయన మీద పప్పుచారు ఒలికిందని, అందరూ నవ్వారని మామ ఆమధ్య ఫోన్‌లో బాధపడ్డాడు. "లైట్ తీస్కో మామా," అన్నాను. పట్టించుకోకు అని. రాష్ట్రంలో సగం మంది రోజూ అనే మాటే. వాళ్లలో లైటు పని చేసేది మాత్రం నేనే.

"మరి గోలీలెందుకు ఆపినవ్?"

"రెండు మందులు ఒక్కపారి నడుస్తయా?"

నాకు నవ్వు రాలేదు. బనియన్ నిండా చాయ్ మరకలు. మోచేతికి కట్టు. రెండుసార్లు పడ్డాడని అత్త చెప్పింది. భయమేసింది.

"నీ కణాలల్ల లైటును గుర్తుపట్టే ప్రోటీన్ లేదు మామా. అది మేం బయటికెంచి పెడతం. అది లేకుంటే ఎంత లైటేసినా కబురు లోపలికి పోదు."

"పెట్టు మరి."

"మనుషులకు పెడ్తలేం. ఎలుకలకే."

మామ బల్బు వైపు చూశాడు. "నా దాకా ఎప్పుడొస్తది?"

ఇలాంటప్పుడు మా ల్యాబ్ వాళ్లు 'మరికొన్నేళ్లలో' అంటారు. సభల్లో నేనూ అన్నాను. మామ ముఖం చూస్తూ ఆ మాట అనలేకపోయాను.

"నీకు అందదు అనుకుంటున్న మామా."

అత్త బల్బు ఆర్పి కిటికీలు తెరిచింది. మామను చూసే డాక్టర్‌కు ఫోన్ చేశాను. ఆయన ముందు నన్ను తిట్టి, తర్వాత గోలీలు మళ్లీ ఎలా మొదలుపెట్టాలో చెప్పాడు. మామ మింగాడు. గ్లాసు అత్త పట్టుకుంది. జొన్నరొట్టె, కందిపప్పు పెట్టారు. తాండూరు కందిపప్పు బాగుంటుందని అందరూ చెబుతారు. ఆ పూట నాకు రుచి తెలియలేదు.

సాయంత్రం రైలుకు మామ కూడా ఆటోలో స్టేషన్‌కు వచ్చాడు. వద్దంటే వినలేదు. నేను ఎక్కి కూర్చున్నాక కిటికీ ఊచ పట్టుకున్నాడు. చేతి వణుకుకు ఊచ చిన్నగా చప్పుడు చేసింది.

"ఎలుకలకు గూడ వణుకొస్తదా?"

"మేమే తెప్పిస్తం."

"లైటేస్తే ఆగుతదా?"

"లైటు ఉన్నంతసేపు కొన్నిటికి ఆగింది."

రైలు కదిలింది. మామ ఊచ వదిలేశాడు.

"పోనీ తియ్," అన్నాడు. "వాటికైన ఆగింది."

ఎగతాళి కాదు. నిజంగానే సంతోషించాడు.

తాండూరు వెళ్లేవారికి రానూపోనూ ఒక్క రోజు చాలు. నాకు మాత్రం తిరుగు దారిలో ధారూరు స్టేషన్ దాటేదాకా కళ్లు తుడుచుకోవడమే సరిపోయింది.