తార్నాకలో సాయిలు చేను

దసరా సెలవులిచ్చిన మర్నాడు, గురువారం పొద్దున ఆరున్నరకు నెక్కొండలో పాసింజరు బండెక్కాను. అరవై ఎనిమిది నాటి మాట. పట్నం చూడాలన్న సరదా నాకు ఎప్పటినుంచో ఉంది కానీ, కాలు కదిలించింది మాత్రం సాయిలు రాసిన ఉత్తరాలే.

సాయిలూ నేనూ ఒకే పలక మీద అక్షరాలు దిద్దుకున్నాం. తర్వాత నేను బడిపంతులునయ్యాను, బడి వదిలాక రైతును. వాడు పొద్దస్తమానం రైతే. వాడి చేనూ నా చేనూ ఒకే గట్టుకు అటూ ఇటూ. బావి ఎండిపోయాక, అయిదేళ్ళ కిందట, భార్య ఎల్లవ్వను తీసుకుని పట్నం పోయి యూనివర్సిటీలో మొక్కల డిపార్ట్‌మెంటులో రోజుకూలీ తోటమాలిగా కుదిరాడు. రెండు నెలలకో కార్డు రాసేవాడు. "యూనివర్సిటీ వాళ్ళ పంటంత నా చేతుల మీదనే నడుస్తున్నది. ఒక్కపారి వచ్చి చూసిపో." ఆ కార్డులు మా అరుగు మీద నేను పైకి చదివితే పదిమంది వినేవారు. ఈసారి కార్డులో ఇంకో మాట కూడా ఉంది. దసరా దాటితే పర్మినెంటు చేస్తారట. "పోయి చూసి రా సారూ, ఏం పండిస్తున్నడో చెప్పుదువు," అని ఊరంతా నన్ను సాగనంపింది.

మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. దానికి శిస్తుగా కంటినిండా బొగ్గు నలుసులు. కాజీపేటలో ఇంజను నీళ్ళు పట్టుకునేసరికి అరగంట పట్టింది. జనగామలో వేడివేడి బజ్జీలు తిన్నాను. పక్కన కూర్చున్నాయన లాలాగూడ రైలు కార్ఖానాలో పనిచేస్తాడట. నేను సికింద్రాబాదు టిక్కెట్టు చూపిస్తే జాలిగా చూశాడు.

"తార్నాకకు పోవాల్నంటే సికింద్రాబాదు దాక ఎందుకు సారూ? నా ఎంబడి లాలాగూడల దిగుండ్రి. నడిస్తే అరగంట."

ఆయన మాట విని బాగుపడ్డాను. నా వెనక ఎవరైనా వెళ్ళేవారుంటే వాళ్ళూ అక్కడే దిగండి. ఒంటిగంటకు దిగి, రైల్వే క్వార్టర్ల మధ్య నుంచి నడిచి, దారి అడుక్కుంటూ తార్నాక చేరాను. అప్పటికి తార్నాక అంటే నాలుగు దారులు కలిసే చోటు, నాలుగు బంగళాలు, వాటి వెనక చిన్న చిన్న గదులు. అలాంటి ఒక గదిలో సాయిలు కాపురం. నన్ను చూడగానే ఎల్లవ్వ కాళ్ళకు నీళ్ళిచ్చి, "అన్నా, బండి ఎక్కువ లేటయిందా?" అంటూ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. నాలుగింటికి సాయిలు వచ్చి నన్ను రెండు చేతులా వాటేసుకున్నాడు. మనిషి నీరుకావి చొక్కాలో కాస్త చిక్కి ఉన్నాడు.

"ముందు నీ చేను చూపియ్యిరా," అన్నాను.

"చూస్తువు తియ్యి, యాడికి పోతది? రేపు పట్నం చూపిస్త ముందుగాల."

అనుమానపడాల్సింది అక్కడే. నాకు ఆ తెలివి ఉంటే ఈ కథనం ఇంకోలా ఉండేది.

శుక్రవారం పొద్దున్నే వాడు ఒక్కడే పోయి నీళ్ళు పెట్టి వచ్చాడు. ఎనిమిదింటికి బస్సెక్కాం. కోఠీలో డబుల్ డెక్కరు దొరికితే ఇద్దరం పిల్లల్లా మెట్లెక్కి పై అంతస్తులో ముందు సీటు పట్టుకున్నాం. కండక్టరు ఉర్దూలో అడిగితే సాయిలు ఉర్దూలోనే జవాబిచ్చాడు. నా నోరు తెరుచుకునే ఉండిపోయింది. ఊళ్ళో పట్వారీ ముందు తెలుగులో కూడా నీళ్ళు నమిలే సాయిలు వీడేనా! చార్మినారు ఎక్కి కిందికి చూస్తే గాజుల దుకాణాలు, రిక్షాలు, మనుషుల తలలు. మా ఆవిడకు డజను గాజులు కొన్నాను. ఇరానీ హోటల్లో చాయ్ సాసర్లో పోసుకుని తాగాం. సాసర్లో ఎందుకు పోస్తారంటే, ఆ కప్పు పట్టుకుంటే వేళ్ళు కాలుతాయి కాబట్టి.

పన్నెండింటికి బాగేఆం తోట చేరాం. అక్కడ ఒక మనిషి రబ్బరు గొట్టంతో శ్రద్ధగా నీళ్ళు పడుతున్నాడు. దేనికయ్యా అంటే, గరికకు! చుట్టూ తీగ కట్టి, తొక్కకూడదని బోర్డు కూడా పెట్టారు. నాకు నవ్వు ఆగలేదు. "మన చేన్ల ఇంతకంటే మంచి గరిక ఉన్నది, వీళ్ళకు బండ్లకొద్ది తోలనా?" అన్నాను. సాయిలు నవ్వలేదు. "పట్నంల గడ్డికి గూడ నౌకరి దొరుకుతది పంతులూ," అన్నాడు. రెండు కాకముందే, పంటకు నీళ్ళు పెట్టాలంటూ నన్ను వెనక్కి లాక్కొచ్చాడు. నేనూ వస్తానంటే, గేటు తాళం మేడమ్ దగ్గర ఉందన్నాడు. ఆ మేడమ్ పేరు సుగుణ అనీ, మెదక్ వైపు పల్లెటూరి పిల్ల అనీ, ఆ చేలోనే ఏదో పరిశోధన చేస్తోందనీ ఎల్లవ్వ చెప్పింది.

శనివారం మధ్యాహ్నం బండికి నేను వెళ్ళిపోవాలి. అలవాటు చొప్పున అయిదింటికి లేచాను. సాయిలు అప్పటికే సంచి పట్టుకుని కంట్రోలు బియ్యం దుకాణం ముందు వరుసలో నిలబడటానికి పోయాడట. నాకు తెల్లన్నం పెట్టాలని. ఊరికే కూర్చోవడం చేతకాక, ఎల్లవ్వను దారి అడిగి యూనివర్సిటీకి నడిచాను. ఎర్రరాతి భవనాలు, వెడల్పాటి రోడ్లు, సెలవులు కాబట్టి ఎక్కడా నరపురుగు లేదు. డిపార్ట్‌మెంటు వెనక ముళ్ళతీగ, దానికో తడక. తాళం గీళం ఏమీ లేదు.

లోపలికి వెళ్ళి చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నాను. పన్నెండు మళ్ళు. చక్కగా గట్లు వేసి, ప్రతి మడికీ ఒక రేకుముక్క మీద ఇంగ్లీషులో పేరు రాసి పెట్టారు. పంట మాత్రం ఒక్క మొక్క లేదు. ఒక మడిలో గునుగు, ఒక దాంట్లో ఉత్తరేణి, ఇంకో మూడింటిలో గరికా పల్లేరూ. మిగిలిన ఏడు మళ్ళ నిండా తుంగ! ఆ ఏడింటి రేకుల మీదా ఒకటే పేరు, పక్కన అంకెలు. కూడబలుక్కుని చదివితే సైపెరస్ అని వచ్చింది. ఊళ్ళో అప్పుడు తైచుంగ్ వరి కొత్తగా దిగింది. ఇదీ అలాంటి సీమ వంగడమే అనుకున్నాను. ఒకే విత్తనం ఏడు మళ్ళలో వేసి, కలుపు పాలు చేశాడు మావాడు! నన్ను తిప్పుతూ తిరిగి పని ఎగ్గొట్టాడో, ఒంట్లో బాగాలేదో. పర్మినెంటు కాగితం వచ్చే వేళకు దొర చూశాడంటే ఇంకేముంది?

గట్టు మీద కొడవలి కనిపించింది. పంచె ఎగ్గట్టాను.

తుంగ సంగతి రైతులకు చెప్పనక్కర్లేదు. పైపైన పీకితే వారంలో మళ్ళీ లేస్తుంది. అందుకే కొడవలి దించి, కింది గడ్డలతో సహా తీశాను. ఒకటో మడి నుంచి వరుసగా, తీసింది తీసినట్టు ఒకే చోట కుప్ప వేస్తూ పోయాను. ఎనిమిదింబావుకు ఏడు మళ్ళూ అద్దంలా ఉన్నాయి. గునుగు బతుకమ్మకు పనికొస్తుందని ముట్టలేదు, మిగిలిన నాలుగు మళ్ళూ తర్వాత చూద్దామనుకున్నాను. నడుము పట్టుకుని నిలబడి, నా స్నేహధర్మానికి నేనే మురిసిపోయాను.

అప్పుడే తడక తోసుకుని సాయిలు వచ్చాడు. వాడి వెనక చేతిలో పుస్తకంతో ఒక సన్నని అమ్మాయి, సుగుణ. ఇద్దరూ మళ్ళ వంక చూశారు, కుప్ప వంక చూశారు. ఆ అమ్మాయి గట్టు మీద కూలబడిపోయింది.

"రెండేండ్లు," అంది. "ఏడు జిల్లాలు తిరిగి తెచ్చిన తుంగ. రెండేండ్లు సాయిలన్నా!"

సాయిలు నా వైపు చూడలేదు. "నేనే పీకిన మేడమ్. పొద్దుగాల మతి లేక, అలవాటుల పీకిన," అన్నాడు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ చెప్పాలి. ఆ మాట విన్నాక నేను వెంటనే నోరు తెరవలేదు. నిమిషం పాటు, నా చేతులకు అంటిన మట్టి కనపడకుండా వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. తర్వాత వాడి ముఖం చూడలేకపోయాను.

"వాడు కాదమ్మా, నేను. వాడు బియ్యం లైన్ల ఉన్నడు. నేను రైతును, తుంగ కనపడితే చెయ్యాగదు," అన్నాను.

"పెద్దమనిషివి, ఒక్కమాట అడిగితే ఏం పోయె?" అని ఆమె నన్ను నిలబెట్టి కడిగేసింది. నేను పిల్లలను కోప్పడ్డ మాటలన్నీ ఆ రోజు వడ్డీతో తిరిగొచ్చాయి. తుంగ ఏ నేలలో ఎలా బలుస్తుందో తెలిస్తే దాన్ని అదుపు చేసే దారి దొరుకుతుందట, అదీ ఆమె చదువు. సైపెరస్ అంటే తుంగ పేరేనట. సాయిలు కాగితం మీద సంతకం పెట్టాల్సిన ప్రొఫెసరు సోమవారం ఊరినుంచి వస్తాడట. ఆయనకు అబద్ధం చెప్పనని ముందే అనేసింది.

"మల్లా నాటుదాం," అన్నాడు సాయిలు.

"ఏది యే జిల్లాదో ఎట్ల తెలుస్తది? అన్ని ఒక్క తీరుగనే ఉంటయి!"

ఏది ఏ మడిదో నాకు తెలుసు. కుప్పలో అడుగున ఉన్నది ఒకటో మడి, అన్నిటికన్నా పైన ఉన్నది ఏడోది. పొర పొరకూ మధ్య, చివరి మోపెడు తుంగ అడ్డంగా పరిచే అలవాటు నాకుంది. గడ్డి కుప్ప వేసే రైతులందరూ అలాగే వేస్తారు. పైనుంచి ఒక్కొక్క పొరే తీసి చూపిస్తుంటే సుగుణ అంకెలు రాసుకుంది, సాయిలు నాటాడు, ఎల్లవ్వ వచ్చి నీళ్ళు మోసింది. ఎండ తగలకుండా తడి గోనెలు కప్పేసరికి మధ్యాహ్నం రెండయింది. నా బండి ఎప్పుడో వెళ్ళిపోయింది. వెళ్ళాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చున్నాక అడిగాను. "ఎందుకు చెప్పలేదురా?"

"ఏమని చెప్పాలె? అయ్య చేన్ల కలుపు తీసుడు నేర్పిండు. నేను పట్నం వచ్చి కలుపు పెంచుతున్న. ఊర్ల నవ్వరా? నువ్వు నవ్వలేదా నిన్న, గరికను చూసి?"

కంట్రోలు బియ్యం తెల్లన్నం సగం తీసి వాడి కంచంలో పెట్టాను.

ఆదివారం మేము పట్నం చూడలేదు. చూడవలసినవి ఇంకా చాలా ఉన్నాయన్నారు, నా తర్వాత వెళ్ళేవారు చూసుకోండి. పొద్దునా సాయంత్రం నీళ్ళు చల్లుతూ ఇద్దరం ఆ గట్టు మీదే గడిపాం. ఇరవై ఏళ్ళుగా నాశనం కావాలని తిట్టిపోసిన తుంగ, ఒక్కసారి తలెత్తాలని కొమురెల్లి మల్లన్నకు మొక్కుకున్నాను. మల్లన్న ఇలాంటి మొక్కు ఎన్నడూ విని ఉండడు.

సోమవారం ఆరింటికి గోనెలు తీశాం. అయిదు మళ్ళు నిటారుగా నిలబడ్డాయి. రెండింట్లో ఆకు వాడిపోయింది. సుగుణ ఒక గడ్డ తీసి గోటితో గిచ్చి చూసింది. లోపల తెల్లగా ఉంది. "లేస్తయి," అంది. మూడు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

తొమ్మిదింటికి ప్రొఫెసరు గదికి నేనే ముందు నడిచి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ విన్నాడు.

"మీ ఊళ్ళో తుంగను ఎలా చంపుతారు?"

"చంపలేం సార్. ఏటేటా ఓడిపోతున్నం."

"మేమూ అంతే," అని, సాయిలు వైపు తిరిగాడు. "కాగితం మీద సంతకం చేస్తాను. పీకినందుకు ఆపితే నీ స్నేహితుణ్ణి ఆపాలి. కానీ నువ్వేం పెంచుతున్నావో ఇంటికి వచ్చిన మనిషికి చెప్పుకోలేకపోతే, రేపు ఇంకొకడు వచ్చి పీకుతాడు." 

మధ్యాహ్నం లాలాగూడ స్టేషనుకు ఇద్దరం నడిచాం. దారంతా వాడే నా సంచి మోశాడు. బండి కనపడ్డాక అడిగాడు.

"ఊర్ల ఏమని చెప్తవ్?"

"ఏం చెప్పమంటవ్?"

నేను ఎక్కాను. కిటికీ ఊచ పట్టుకుని వాడు రెండడుగులు బండితో పాటు నడిచాడు.

"గడ్డి పెంచుతున్నడని చెప్పు," అన్నాడు. "మంచిగ పెంచుతున్నడని గూడ చెప్పు."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బొగ్గు నలుసని తుడుచుకున్నాను.

భువనగిరిలో ఎక్కిన ఒక ముసలి రైతు పక్కన కూర్చుని, పట్నంలో ఏం చూశావని అడిగాడు. చార్మినారు, డబుల్ డెక్కరు చెప్పాను. అవి ఆయనకు తెలుసట. మా దోస్తు చేను చూశానన్నాను.

"పట్నంల చేనా! ఏమేసిండు?"

"తుంగ. ఏడు జిల్లాలది."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నా చేన్ల గూడ దండిగ పెరుగుతది. నాకెవ్వడు నౌకరియ్యకపాయె!"

పెట్టెలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా అరుగు మీద కూడా ఇలాగే నవ్వుతారని అప్పుడు తెలిసింది. అందుకని అక్కడ మాట వరుస మార్చాలనుకున్నాను. కాజీపేట దాకా మనసులో అనుకుంటూనే ఉన్నాను: సాయిలు చాలా మంచిగా పెంచుతున్నాడు. ఏం పెంచుతున్నాడో ఆ తర్వాత చెబుతాను.