వెన్న పట్టుకుపోయే మనిషి

ఇంగ్లండులోని షెఫీల్డులో మా పక్క ఫ్లాట్ ఐరిష్ ముసలావిడ సీసాలో మీగడ పోసి గిలక్కొడుతోంది. నేనూ మా అమ్మాయీ లోపలికి వెళ్లగానే సీసా నా చేతిలో పెట్టింది. వెన్న తీసే వేళకి వచ్చినవాళ్లు ఒక చెయ్యి వెయ్యాలట, లేకపోతే వెన్న వాళ్ల వెంట పోతుందట. ఆవిడ మాట మా అమ్మాయి నవ్వుతూ తెలుగులో చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఆ పులిసిన మీగడ వాసనకి నా ఏడో ఏడు గుర్తొచ్చింది.

అమ్మ మజ్జిగ చిలికేటప్పుడు పక్కింటి సీతమ్మత్త చెంబు పట్టుకుని వచ్చేది. మొగుడు పోయిన మనిషి. మా మజ్జిగతోనే ఆవిడ పిల్లలు అన్నం తినేవాళ్లు. ఒక చలికాలం వరసగా రెండు రోజులు మాకు వెన్న తేలలేదు.

"అది వచ్చి నిలబడితే కనిపెట్టి చూడవే. మన వెన్న పట్టుకుపోతోంది," అంది అమ్మ.

నేను నిజంగానే మూటగట్టుకుపోతోందనుకున్నాను. మర్నాడు అత్త రాగానే ఆవిడ కొంగుముడి లాగి విప్పేశాను.

"ఏం వెతుకుతున్నావే పిల్లా?"

"మా వెన్న, అత్తా."

ముడిలో మాకోసం తెచ్చిన పచ్చిమిరపకాయలున్నాయి. అత్త అమ్మ వైపు చూసింది. అమ్మ తలెత్తలేదు. మిరపకాయలు గడప మీద పెట్టి, ఖాళీ చెంబుతో వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆ రోజూ వెన్న తేలలేదు.

చలికి అలా అవుతుందని, కాసిని వేడినీళ్లు పోస్తే చాలని కాపురానికి వెళ్లాక తెలిసింది. ఆ చలికాలమంతా అత్త పిల్లలు ఉప్పు కలుపుకుని ఉత్తన్నం తిన్నారు. అమ్మకి అంత అనుమానముంటే, కవ్వం తాడు ఆవిడకిచ్చి నాలుగుసార్లు లాగమంటే పోయేది.