తేలికపాటి వాసన

తెలంగాణ ఉద్యమం రోజులు. ఆ ఉదయం బస్సులు బంద్. మణికొండలో షేర్ ఆటో కోసం చూస్తూ, పక్కనున్న మెడికల్ షాపులోకి వెళ్లాను. మా ఆఫీసు హౌస్‌కీపింగ్ యూనిఫాంలో, నేనెప్పుడూ మొహం చూడని ఒకావిడ చెమట వాసన రాకుండా పూసుకునే రోల్-ఆన్‌లు ఒక్కొక్కటే వాసన చూస్తోంది.

"ఘాటుది తీసుకోండి, రోజంతా ఉంటుందండి," అన్నాను.

"మా సూపర్‌వైజర్ గూడ గదే అంటడు. మేం వాసనొస్తున్నమని ఆఫీసోళ్లు ఫిర్యాదు రాసిండ్రంట. రోజు గేటుకాడ నిలవెట్టి సెంటు కొడుతడు. గా ఘాటుకు తల నొస్తది. ఇగ కొట్టనియ్య. తెలంగాణనే కొట్లాడి అడుగుతున్నం, నా చంకల ఏం పూసుకోవాల్నో ఇంకొకళ్లను అడగాల్నా?"

అన్నిట్లోకీ తేలికైనది కొనుక్కుని, ఆటోలో నా భుజానికి భుజం ఆనించి కూర్చుంది.

ఆఫీసు గేటు దగ్గర ఇద్దరం దిగాం. ఆ ఫిర్యాదు కింద నా సంతకం కూడా ఉంది.